లోతు నీళ్ళ కింగ్ క్రాబ్‌లు: ఏడాదంతా గుడ్లు కనిపిస్తాయి, కానీ ఏటా పెట్టవు

మీరు అడిగింది ఇదీ: లోతు సముద్రపు కింగ్ క్రాబ్‌లలో ఏ నెలలో పట్టి చూసినా గుడ్లు మోస్తున్న ఆడవి కనిపిస్తాయి. అంటే వాటికి సీజన్ అంటూ లేదు, ఏడాదంతా సంతానం కంటూనే ఉంటాయి. అలాంటప్పుడు ఏడాదికి ఒక్కసారే గుడ్లు పెట్టే ఎర్ర కింగ్ క్రాబ్ కంటే ఇవే త్వరగా వృద్ధి చెందాలి కదా, మరి వీటిని నెమ్మదైన జాతులని ఎందుకంటారు? పైగా బాగా ఎదిగిన ఆడవాటిలో చాలావాటికి అసలు గుడ్లే ఉండవెందుకు?

ఏ నెలలోనైనా గుడ్లు కనిపిస్తాయన్నది నిజమే. అక్కడి నుంచి మీరు తీసిన లెక్క దగ్గరే తేడా వచ్చింది. గుంపు మొత్తాన్ని చూస్తే ఏడాదంతా గుడ్లున్నాయి. ఒక్కో ఆడ పీతని విడిగా పట్టుకుని లెక్కేస్తే, అది ఏడాదికి ఒకసారి కూడా గుడ్లు పెట్టదు. ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య ఇరవై నుంచి ఇరవై నాలుగు నెలలు పడుతుందని అంచనా. అన్నీ ఒకేసారి మొదలుపెట్టవు కాబట్టి ఎప్పుడు చూసినా కొన్ని గుడ్లతో, కొన్ని ఖాళీగా దొరుకుతాయి.

నేను ఎక్కువగా బంగారు కింగ్ క్రాబ్‌ని (శాస్త్రీయ నామం లిథోడిస్ ఈక్విస్పైనస్) ఉదాహరణగా తీసుకుంటాను. లోతు నీళ్ళ జాతుల్లో బాగా పరిశీలించినది అదే. ఉత్తర పసిఫిక్‌లో జపాన్ నుంచి అలాస్కాలోని అల్యూషియన్ దీవుల మీదుగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు ఉంటుంది. ఎక్కువగా రెండు వందల మీటర్ల కింద, ఎగుడుదిగుడు రాతి నేల మీద. పోల్చడానికి ఎర్ర కింగ్ క్రాబ్ ఉంది. అది తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో పిల్లల్ని కనే జాతి.

ముందు శరీర నిర్మాణం కొంచెం చెప్పాలి, లేకపోతే జత కట్టడం అర్థం కాదు. కింగ్ క్రాబ్‌లు మామూలు పీతల వంశం కావు. ఖాళీ శంఖాల్లో దూరి బతికే సన్యాసి పీతల వంశం నుంచి వచ్చినవి. 1992లో జన్యు ఆధారాలతో ఈ సంగతి గట్టిగా చూపించారు. ఆ పాత బతుకు గుర్తులు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. ఆడ కింగ్ క్రాబ్‌ని వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట కిందికి ముడుచుకున్న తోక రేకు రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఎడమ పక్క పలకలు పెద్దవి, కుడి పక్కవి చిన్నవి, మొత్తం ఒక వైపుకి ఒరిగినట్టు ఉంటుంది. రేకు ఎత్తితే లోపల గుడ్లు పట్టి ఉంచే సన్నటి కాళ్ళు దాదాపు అన్నీ ఎడమ పక్కనే కనిపిస్తాయి. మెలితిరిగిన శంఖంలో ఒదిగి కూర్చున్న పూర్వీకుల నుంచి వచ్చిన వంకర ఇది. మగవాటికి ఆ గుడ్ల కాళ్ళు ఉండవు, రేకు కూడా చిన్నది. అందుకే ఆడా మగా తేల్చడానికి ఒకసారి తిప్పి చూస్తే సరిపోతుంది.

ఇంకో చిత్రం ఐదో జత కాళ్ళు. బయటికి కనిపించేవి డెక్కలతో కలిపి నాలుగు జతలే. ఐదో జత బాగా చిన్నవైపోయి డొల్ల వెనక అంచు కింద, మొప్పల గదిలో దాక్కుని ఉంటుంది. మామూలు రోజుల్లో వాటి పని మొప్పల్ని శుభ్రం చేయడం. మగవాటికి జత కట్టే రోజున అవే వీర్యాన్ని ఆడదాని ఒంటికి అంటించే పనిముట్లు అవుతాయి.

జత కట్టడం ఎలా జరుగుతుందంటే, ఆడది కుబుసం విడవబోయే ముందు మగది వచ్చి తన డెక్కలతో దాని డెక్కల్ని పట్టుకుంటుంది. ఎదురెదురుగా, చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది చూడ్డానికి. అలా రోజుల తరబడి వదలదు. ఆడది పాత డొల్లలోంచి బయటపడి మెత్తగా ఉన్నప్పుడు మగది దాన్ని దగ్గరికి లాక్కుని, ఆ చిన్న ఐదో కాళ్ళతో వీర్యపు పట్టీల్ని ఆడదాని మూడో జత కాళ్ళ మొదట్లో ఉండే గుడ్ల రంధ్రాల చుట్టూ అంటిస్తుంది. తర్వాత ఆడది గుడ్లు వదులుతుంది. బయటికి వస్తూ వస్తూ అవి ఆ పట్టీల మీదుగా ఫలదీకరణం చెంది, రేకు కింద ఉన్న కాళ్ళ వెంట్రుకలకి అతుక్కుంటాయి.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. చాలా మామూలు పీతల ఆడవాటికి వీర్యాన్ని దాచుకునే సంచి ఉంటుంది. ఒకసారి జత కట్టి, అదే వీర్యంతో తర్వాత కూడా గుడ్లు పెట్టగలవు. కింగ్ క్రాబ్‌లకి ఆ సంచి లేదు. కాబట్టి ప్రతి ఈతకీ కొత్తగా కుబుసం విడవాలి, మళ్ళీ మగదాన్ని కలవాలి, అదీ డొల్ల మెత్తగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే. అది తప్పితే ఆ ఈత పోయినట్టే. ఇది ఎర్రదానికీ వర్తిస్తుంది, బంగారుదానికీ వర్తిస్తుంది. తేడా మొదలయ్యేది దీని తర్వాతే.

ఎర్ర కింగ్ క్రాబ్ గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. పెద్ద ఆడది లక్షల్లో పెడుతుంది, నాలుగైదు లక్షల దాకా కూడా. వాటిని దాదాపు ఏడాది మోస్తుంది. పొదిగిన లార్వాలు సొంతంగా తిని బతకాలి. తినేది నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని. ఉత్తర సముద్రాల్లో ఆ తిండి వసంతకాలంలో కొద్ది వారాలు మాత్రమే పుష్కలంగా దొరుకుతుంది. ఆ సమయానికి కాస్త ముందో వెనకో పుట్టినవి ఆకలితో పోతాయి. అందుకే ఆ జాతిలో ఆడవన్నీ ఒకే క్యాలెండర్ పాటిస్తాయి. పిల్లల్ని వదిలేదీ వసంతంలోనే, కుబుసం విడిచి జత కట్టేదీ ఆ వెంటనే.

బంగారు కింగ్ క్రాబ్ గుడ్డు రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. వినడానికి తేడా చిన్నదే. కానీ వ్యాసం రెట్టింపు దాటితే గుడ్డు పరిమాణం ఎనిమిది నుంచి పది రెట్లు అవుతుంది. ఆ అదనపు చోటంతా పచ్చసొనే. ఒక ఆడది మోసేది పది వేల నుంచి ముప్పై వేల గుడ్లు, అంతే. పిల్ల సద్దిమూట కట్టుకునే పుడుతుందన్న మాట. పొదిగిన దగ్గర నుంచి నాలుగు జోయియా దశలు (నీళ్ళలో తేలుతూ ఈదే తొలి లార్వా దశలు), ఆ తర్వాత గ్లాకోథో అనే దశ, ఆ పైన బుల్లి పీత. ఇన్ని దశలూ బయటి తిండి ముట్టకుండానే దాటగలదు. తిండి పెట్టకుండా ల్యాబ్‌లో పెంచి చూసినా తొలి పీత దశకి చేరాయి. 1997లో ఈ ఫలితం ప్రచురించారు.

దక్షిణాన కూడా ఇదే పద్ధతి. దక్షిణ అమెరికా కొసన బీగల్ ఛానల్‌లో దొరికే లిథోడిస్ శాంటోయా లార్వాలకి మూడే జోయియా దశలు, పారలోమిస్ గ్రాన్యులోసాకి రెండే. రెండూ తిండి లేకుండానే పీత దశకి చేరతాయి. తిండి పెట్టినా ముట్టుకోవు. ఈ రెండూ అక్కడ తీరానికి దగ్గర్లో, తక్కువ లోతులో కూడా బతుకుతాయి కాబట్టి ఈ లక్షణం లోతుకి మాత్రమే పుట్టింది అనేయకండి. చలి, తిండి దొరికే కాలం కొద్దిగా ఉండడం, రెండింటికీ ఇది పనికొచ్చే ఉపాయం. లోతులో అయితే ఇది లేకపోతే కుదరదు. అక్కడ వసంతమూ ఉండదు, పైన పండిన సూక్ష్మజీవుల పంటా నేరుగా అందదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వద్దాం. పుట్టగానే తిండి వెతుక్కోవాల్సిన పని పిల్లకి లేనప్పుడు, ఏ నెలలో పుడితే ఏమిటి? తల్లి మీద క్యాలెండర్ ఒత్తిడి పోయింది. నాలుగైదు వందల మీటర్ల లోతులో నీటి ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు, అంటే ఫలానా సీజన్ వచ్చిందని చెప్పే గుర్తు కూడా సరిగ్గా అందదు. దాంతో ఒక్కో ఆడది తన సొంత గడియారం మీద నడుస్తుంది. ఒకే రోజు, ఒకే చోట పైకి తీసిన బుట్టల్లో ఒకదాని పొట్ట కింద అప్పుడే పెట్టిన, సొన నిండిన గుడ్లుంటాయి. పక్కదాని గుడ్లలో నల్లటి కళ్ళ చుక్కలు కనిపిస్తుంటాయి. ఇంకోదానికి సగం పొదిగి సగం మిగిలి ఉంటాయి. ఎర్ర కింగ్ క్రాబ్‌ల మధ్య పనిచేసి ఇటు వచ్చినవాళ్ళకి మొదట్లో ఇది గజిబిజిగానే ఉంటుంది.

మరి చక్రం ఎందుకంత పొడుగు? గుడ్లు మోసేదే సుమారు ఏడాది. చల్లటి నీళ్ళలో పిండం నెమ్మదిగా పెరుగుతుంది, గుడ్డు పెద్దదైతే ఇంకా నెమ్మది. పారలోమిస్ గ్రాన్యులోసా అయితే ఏడాదిన్నర పైనే మోస్తుంది. పొదగడం మొదలయ్యాక కూడా అన్నీ ఒక్కసారిగా బయటికి రావు, రోజుకి కొన్ని చొప్పున వారాల తరబడి వస్తూనే ఉంటాయి. దక్షిణాది జాతుల్లో ఈ తంతు కొన్ని తల్లుల్లో రెండు నెలల దాకా సాగడం గమనించారు. ఎందుకలా అంటే రకరకాల వివరణలున్నాయి. నాకు నమ్మదగ్గదిగా అనిపించేది ఇది: పిల్లలకి తొందర లేదు, వాటన్నిటినీ ఒకేచోట ఒకే రోజు వదిలితే ఏ చేపల గుంపుకో మొత్తం బలైపోవచ్చు. కొంచెం కొంచెంగా వదిలితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

పిల్లలన్నీ వెళ్ళిపోయాక తల్లి వెంటనే కుబుసం విడిచి మళ్ళీ గుడ్లు పెట్టదు. ఎర్ర కింగ్ క్రాబ్ పెడుతుంది, దాని అండాశయం గుడ్లు మోస్తున్నప్పుడే తర్వాతి ఈతకి సిద్ధమైపోతుంది. బంగారుదానికి ఆ స్తోమత లేదు. ఒక్కో గుడ్డులో అంత సొన నింపాలంటే తల్లి తినాలి, లోతులో తిండి అంతంత మాత్రం. కాబట్టి చాలా నెలలు ఖాళీగా ఉండి, కూడబెట్టుకుని, అప్పుడు మళ్ళీ మొదలుపెడుతుంది. మీరు చూసిన గుడ్లు లేని పెద్ద ఆడవి చాలావరకు ఇవే. జబ్బూ కాదు, గొడ్డువీ కాదు, రెండు ఈతల మధ్య విరామంలో ఉన్నవి.

దాన్ని రుజువు చేసుకోవడం కూడా తేలికే. రేకు ఎత్తి ఎడమ పక్క గుడ్ల కాళ్ళని దగ్గరగా చూడండి. ఇంతవరకు ఎప్పుడూ గుడ్లు పెట్టని ఆడదానికి ఆ వెంట్రుకలు శుభ్రంగా, విడివిడిగా ఉంటాయి. ఒక ఈత అయిపోయినదానికి అవి చిక్కుపడి, జడలు కట్టి, మధ్యమధ్య ఖాళీ గుడ్డు పొరలు ఇంకా వేలాడుతూ ఉంటాయి. కుబుసం విడిస్తేనే ఆ చెత్తంతా పోతుంది. సర్వేల్లో గుడ్లు ఉన్నవి, గుడ్లు లేనివి అని రెండే గళ్ళు పెట్టుకుని ఈ మూడో రకాన్ని విడిగా రాసుకోకపోతే, ఎదిగిన ఆడవాటిని కూడా పిల్లల లెక్కలో వేసేసే ప్రమాదం ఉంది. ఎదిగే సైజు తప్పుగా వస్తుంది, దాని మీద కట్టిన మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

ఖాళీ పొట్టకి ఇంకో కారణం కూడా ఉంది, అది మాత్రం నిజంగా జబ్బే. బ్రయారోసాకస్ అనే పరాన్నజీవి. రాళ్ళకీ పడవలకీ అతుక్కుని బతికే బార్నకిల్స్‌కి బంధువే, కానీ పీత లోపల దూరి వేళ్ళలాంటి దారాలుగా ఒళ్ళంతా అల్లుకుపోతుంది. ఆ తర్వాత సరిగ్గా గుడ్లుండాల్సిన చోట, తోక రేకు కింద, సంచిలాంటి భాగాన్ని బయటికి తోస్తుంది. పట్టిన పీతకి ఇక సంతానం ఉండదు. మగదాన్ని పట్టినా వదలదు, దాని తోక రేకు ఆడదానిలా వెడల్పు అవుతుంది, ఆ సంచిని తన గుడ్లే అన్నట్టు కాపాడుతుంది. చాలాకాలం అన్ని కింగ్ క్రాబ్‌లనీ పట్టేది ఒకే జాతి అనుకున్నారు. అలాస్కా పీతల మీద ఉన్నవి నిజానికి రెండు వేర్వేరు జాతులని 2016లో తేలింది. ఒకటి బంగారు కింగ్ క్రాబ్‌ది, రెండోది ఎర్ర, నీలి కింగ్ క్రాబ్‌లది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. కేర్‌ప్రాక్టస్ అనే మెత్తటి ఒంటి చేపలు కొన్ని తమ గుడ్లని తీసుకొచ్చి బంగారు కింగ్ క్రాబ్ మొప్పల గదిలో పెడతాయి. పీత ఎలాగూ ఊపిరి కోసం అందులోకి నీళ్ళు తోడుకుంటూ ఉంటుంది కాబట్టి చేప గుడ్లకి ప్రాణవాయువూ కాపలా రెండూ దొరుకుతాయి. పీతకి దక్కేది మాత్రం నలిగిపోయిన మొప్పలు. డొల్ల విప్పినప్పుడు లోపల గుడ్ల ముద్ద కనిపిస్తే అది పీత గుడ్లనుకోకండి. పీత గుడ్లు తోక రేకు కింద తప్ప ఇంకెక్కడా ఉండవు.

ఇక వేగం సంగతి. ఎర్రది ఏటా లక్షల్లో పెడితే, బంగారుది రెండేళ్ళకోసారి వేలల్లో పెడుతుంది. ఒక్కో పిల్లకి బతికే అవకాశం బంగారుదానికే ఎక్కువ ఉండొచ్చు, అందుకే కదా అంత సొన. కానీ ఏదైనా దెబ్బ తగిలితే తిరిగి పుంజుకునే శక్తి తక్కువ. ఎర్ర కింగ్ క్రాబ్‌ల గుంపులే దెబ్బతిన్నాక కోలుకోలేకపోయిన ఉదాహరణలున్నాయి. అలాస్కాలోని కోడియాక్ దీవి దగ్గర 1960ల మధ్యలో శిఖరానికి చేరిన వేట 1983 నుంచి మూతపడే ఉంది. అంత గుడ్లు పెట్టే జాతి పరిస్థితే అది.

వేట నియమాల దగ్గర కూడా ఈ తేడా ముఖ్యం. ఎర్రదానికి జత కట్టే, కుబుసం విడిచే నెలల్లో వేట ఆపితే చాలావరకు పనైపోతుంది. బంగారుదానికి ఏ నెలలు ఆపుతారు? ఏ నెల తీసుకున్నా కొన్ని మెత్తగా ఉంటాయి, కొన్ని గుడ్లతో ఉంటాయి. అందుకే అల్యూషియన్ దీవుల దగ్గర భారమంతా రెండు నియమాల మీద పడింది. ఆడవాటిని అసలు ఉంచుకోకూడదు, మగవాటిలో కూడా డొల్ల వెడల్పు ఆరు అంగుళాలకి, అంటే సుమారు 152 మిల్లీమీటర్లకి తగ్గినవి వదిలేయాలి. పట్టుబడే సైజుకి వచ్చేలోగా మగది కనీసం ఒకసారైనా జత కట్టి ఉండాలన్నది దీని వెనక ఆలోచన. కానీ అక్కడ బుట్టల్ని ఒకే పొడుగు తాడుకి వరసగా కట్టి వందల మీటర్ల కిందికి దించుతారు. ఆడది కూడా వాటిలో పైకి వస్తుంది, కొంతసేపు గాలిలో ఉంటుంది, మళ్ళీ నీళ్ళలో పడుతుంది. నియమం ప్రకారం వదిలేసినా ఆ ప్రయాణం వల్ల గుడ్లకి జరిగే నష్టాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నాకది నచ్చదు.

మగవాటి కొరత గురించి మీరు అడగలేదు గానీ తర్వాత అడిగేది అదే కాబట్టి చెప్పేస్తాను. పెద్ద మగవాటినే పట్టేస్తుంటే ఆడవాటికి జత దొరక్కుండా పోతుందా? ఎర్ర జాతిలో ఆడవన్నీ కొద్ది వారాల్లోనే సిద్ధమవుతాయి, ఒక్కో మగది ఆ కాస్త సమయంలో కొన్నిటిని మాత్రమే చూసుకోగలదు, కాబట్టి కొరత ప్రమాదం ఎక్కువ. బంగారు జాతిలో ఏ వారం చూసినా మెత్తగా ఉన్న ఆడవి కొన్నే. ఒకే మగది ఏడాది పొడవునా ఒకదాని తర్వాత ఒకదాన్ని కలవొచ్చు. ఆ లెక్కన కొరత తక్కువ ఉండాలి. కానీ అవి పలచగా చెదిరి ఉంటాయి, పైగా ఆడదాని సమయం కొద్ది రోజులే. దగ్గర్లో మగది లేకపోతే పక్క లోయలో వంద మగవి ఉన్నా లాభం లేదు. మొత్తం సంఖ్య చూసి ధీమాగా ఉండకూడదని నా అభిప్రాయం.

చివరిగా అంటార్కిటికా.  అంటార్కిటిక్ ద్వీపకల్పం పక్కన పామర్ డీప్ అనే లోతైన గుంటలో నియోలిథోడిస్ యాల్డ్‌వినై అనే కింగ్ క్రాబ్‌లు పెద్ద సంఖ్యలో ఉన్నాయని 2011లో ప్రకటించారు. అంచనా పదిహేను లక్షలు. అవి సుమారు 850 మీటర్ల కింద, నీళ్ళు కాస్త వెచ్చగా ఉన్న చోటే ఉన్నాయి. పైన ఇంకా చల్లటి నీళ్ళలోకి రాలేదు. బాగా చల్లబడితే పీతల రక్తంలో మెగ్నీషియం మత్తులా పనిచేసి కదలికల్ని మందగింపజేస్తుంది, దాన్ని బయటికి పంపే శక్తి కింగ్ క్రాబ్‌లకి తక్కువ. అక్కడ పట్టిన ఆడదాని దగ్గర ఎదుగుతున్న పిండాలు, లార్వాలు కూడా ఉన్నాయి. అంటే దారి తప్పి వచ్చినవి కావు, అక్కడే సంతానం కంటున్నాయి. తేలే సూక్ష్మజీవుల మీద ఆధారపడే లార్వాలైతే ఏడాదిలో ఎక్కువ భాగం చీకటిగా, మంచు కప్పుకుని ఉండే ఆ నీళ్ళలో నిలదొక్కుకోవడం చాలా కష్టం. ఎర్ర కింగ్ క్రాబ్ లాంటి తిండి తినే లార్వాల వంశం సహజంగా ఉత్తర పసిఫిక్‌కే పరిమితమై, సొన మీద బతికే లార్వాల వంశం ప్రపంచంలోని లోతు సముద్రాల్లో చాలాచోట్లకి పాకిపోవడానికి కూడా ఇదే ప్రధాన కారణమని ఈ రంగంలో చాలామంది అభిప్రాయం, నాదీ అదే. ఎర్రవి ఇప్పుడు నార్వే తీరంలో కూడా దొరుకుతాయి కదా అంటారేమో, వాటిని 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు తీసుకెళ్ళి బారెంట్స్ సముద్రంలో వదిలారు.